పాత గిటారుకు కొత్త పెగ్గులు

ఆ గుర్తులు చూసి ఎలుకలు కొరికాయనుకున్నాను.

గిటారు తలకు అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఆరు పెగ్గులుంటాయి. తీగ చుట్టుకునే చిన్న కడ్డీ, దాన్ని తిప్పే పళ్ళ చక్రం, మనం వేళ్ళతో పట్టుకునే బిళ్ళ, ఈ మూడూ కలిస్తే ఒక పెగ్గు. శృతి చేయడమంటే ఆ బిళ్ళను తిప్పి తీగను బిగించడం, వదలడం. ఆ పాత గిటారు బిళ్ళలు ఒకప్పుడు తెల్లటి ప్లాస్టిక్కు. నా చేతికొచ్చేనాటికి బెల్లం రంగులోకి తిరిగాయి. ఆరింటి అంచుల మీదా చిన్న చిన్న నొక్కులున్నాయి. గిటారు గలాయన ఇంట్లో దాన్ని వంటింటి మూల బియ్యం డబ్బా పక్కన నిలబెడతారని తెలుసు కాబట్టి ఎలుకలే అనుకుని, మరు నిమిషం ఆ సంగతి మరిచిపోయాను.

మూడేళ్ళయింది. ఇప్పటికీ ఎవరైనా పెన్ను మూతను పంటి కింద పెట్టుకుని ఆలోచిస్తూ కనిపిస్తే చూపు తిప్పేసుకుంటాను.

మాది మంచిర్యాల దగ్గర బొగ్గు గనుల కాలనీ. నేను పుట్టింది హుస్నాబాద్ పక్క పల్లెలో, కానీ గని వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేరినప్పటి నుంచి ఈ కాలనీయే నా ఊరు, ఇక్కడి చిన్న చర్చే నా చర్చి. ఆ గిటారు మా చర్చిలో పాటలకు వాయించే పెద్దమనిషిది. గనిలో మందు పేల్చే పని చేసి రిటైరయ్యాడు. నేను ఆయన్ని మామా అని, ఆయన భార్యను అత్తా అని పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు. కాలనీలో అన్న కానివాడు మామే. ఆయనకు పిల్లలు లేరు. 'బిడ్డ లేకుంటనే అల్లుడు దొరికిండు, నా అదృష్టం జూడుండ్రి' అని నన్ను చూపించి నలుగురిలో నవ్వించేవాడు. మహా మాటకారి. ఆయనుంటే ఇంకొకరు మాట్లాడే సందు దొరికేది కాదు. అందరం దాన్ని ఆయన స్వభావం అనుకున్నాం.

గిటారు కలకత్తాలో తయారైన పాతకాలపు ఎలక్ట్రిక్ గిటారు. నాకంటే వయసులో పెద్దది. ఆదిలాబాద్‌లో పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండు మనిషి దగ్గర మామ కుర్రతనంలో కొన్నాడు. లోపల డొల్ల ఉండదు, మొత్తం కర్ర దిమ్మ. అందుకని వైరు తగిలించి స్పీకరు పెట్టెలోంచి వినిపిస్తే తప్ప దాని శబ్దం పక్క మనిషికి కూడా సరిగా చేరదు. ఈ మాట గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నేను చేసిన అసలు తప్పు దీని చుట్టూనే ఉంది.

ఆ ఏడు చర్చిలో పంట పండుగకు పది రోజుల ముందు మామ గిటారును మా క్వార్టరుకు తెచ్చాడు. అత్త చెల్లెలి ఇంట్లో పెళ్ళికని ఇద్దరూ ఇచ్చోడ పోతున్నారు, వారం దాకా రారు. అరుగు మీద కూర్చుని గిటారును ఒళ్ళో పడుకోబెట్టి మూడో పెగ్గు చూపించాడు.

"గిది జర గట్టిగ తిరుగుతుంది అల్లుడా. ఒక్క చుక్క నూనె ఎయ్యి. గంతే. ఇంకేం ముట్టకు. సంఘ పెద్దను, నాకు దేవుడు రాసిన పెగ్గులు గీ ఆరే. పైలం."

నేను నవ్వాను. సరే అన్నాను.

ఒక చుక్క నూనె. అది వేయడానికి అర నిమిషం పట్టదు. కానీ ఆ మాత్రం పని చేసి తిరిగి ఇవ్వడం నాకు నామోషీ అనిపించింది. చర్చిలో ఫ్యాను ఆగితే నేను, మైకు కూత పెడితే నేను, గంట తాడు తెగితే నేను. అయ్యగారు, అంటే మా పాస్టరు, ప్రకటనల్లో నా పేరు చెప్పి ధన్యవాదాలు చెబుతుంటే తల వంచుకునేవాణ్ణి గానీ చెవులు మాత్రం నిక్కబొడుచుకునేవి. పండుగ రోజు అందరి ముందు పాత గిటారు కొత్త పెగ్గులతో మెరవాలి, ఎవరు చేశారని అందరూ అడగాలి. నాకు కావలసింది అది. మామకు ఏం కావాలో ఆయన చెప్పే పోయాడు.

ఫోన్‌లో ఆర్డరు పెట్టాను. మూడు రోజుల్లో వచ్చాయి. నిగనిగలాడే ఇనుప పెగ్గులు, చక్రం కనపడకుండా మూసేసిన రకం. విప్పి చూస్తే పాత రంధ్రాల్లో దిగలేదు. పాతవాటి కడ్డీలు సన్నవి, కొత్తవి లావు. ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రాన్ని పదికి పెంచాలి. పైగా పాతవి మూడేసి ఒకే రేకు మీద వరసగా ఉండేవి, కొత్తవి దేనికది విడిగా. ఎలా చేయాలో వీడియోలు చూశాను. అందులో ఒకాయన చాలా స్పష్టంగా చెప్పాడు. పాత గిటారుకు రంధ్రం పెంచకండి, అదే కొలతలో దొరికేవి వెతకండి, విప్పినవాటిని సంచిలో వేసి గిటారుతోనే దాచండి అని. ఆ ముక్క రెండుసార్లు విన్నాను. గనిలో ఇరవై ఏళ్ళుగా ఇనుముతో వేగేవాడికి వీడియో చూసి నేర్చుకునే గతి పట్టిందా అనుకున్నాను.

వీక్లీ ఆఫ్ రోజు మధ్యాహ్నం అరుగు మీద దుప్పటి పరిచి పని మొదలుపెట్టాను. నా భార్య చాట తీసుకుని బియ్యం ఏరుతూ నా వైపు చూసింది.

"అడిగినవా ఆయనను?"

"ఇచ్చోడల ఉన్నడు."

"ఇచ్చోడల ఫోన్లు లెవ్వా?"

ఆమె మాట కోసం ఫోన్ చేశాను. ఎప్పటిలాగే అత్తే ఎత్తింది. మామ నంబరుకు ఎప్పుడు చేసినా అత్తే ఎత్తేది. పెళ్ళి పనుల్లో ఉన్నాడు, ఏమన్నా చెప్పాలా అని అడిగింది. ఏం లేదు అత్తా, ఊరికే చేశానన్నాను. చెబితే వద్దంటారని లోపల తెలుసు. వద్దనిపించుకోకుండా ఉండడానికే చెప్పలేదు.

పాత రేకుల మరలు తుప్పు పట్టి తిరగలేదు. స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తాను. ఒక రేకు వంగింది. రెండోదాన్ని ఎత్తుతుంటే వార్నిషు పెచ్చు ఊడింది. డ్రిల్లుకు పది నంబరు బిట్టు తగిలించి ఆరు రంధ్రాలూ పెంచాను. నాలుగోదాని దగ్గర కర్ర అంచు కొద్దిగా చిట్లింది, కొత్త పెగ్గు వాషరు దాన్ని కప్పేసింది కాబట్టి బాధపడలేదు. పాత మరల తూట్లలో అగ్గిపుల్లలు జిగురుతో దిగ్గొట్టి గీకేశాను. కొత్త తీగలు కట్టి ఫోన్‌లో శృతి చూసుకుంటూ బిగించాను. పాతవాటిలో బిళ్ళ ఒకసారి తిప్పితే తీగ ఎంత బిగుస్తుందో, కొత్తవాటిలో అంత బిగువు రావాలంటే ఒకటిన్నరసారి తిప్పాలి. అదెంత మెత్తగా ఉందో అని మురిసిపోయాను.

పాతవాటిని మర్నాడు వర్క్‌షాపుకు తీసుకుపోయాను. ఒకదాన్ని బెంచి వైసుకు బిగించి హాక్సా రంపంతో కోశాను, కడ్డీ చక్రంలో దిగే చోట ఎంత అరిగిందో చూడాలని. చూశాను. అన్నిటినీ కలిపి తుక్కు డ్రమ్ములో పారేశాను.

ఇక్కడ మామ అలవాటు ఒకటి చెప్పాలి. ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు ఆయన గిటారు తీసుకుని బలిపీఠం వెనక గదిలోకి పోయి తలుపు గడియ పెట్టుకునేవాడు. అయ్యగారి అంగీలు, పాత హార్మోనియం, కానుకల పళ్ళేలు ఉండే చిన్న గది. పావుగంట బయటికి వచ్చేవాడు కాదు. ఒకటి రెండు సన్నటి శబ్దాలు వినిపించేవి, మిగతా అంతా నిశ్శబ్దం. ఆయన ప్రార్థన చేసుకుంటున్నాడని మేమంతా నమ్మాం. ఎవరూ తలుపు తట్టేవాళ్ళు కాదు. అయ్యగారు ప్రసంగంలో రెండు మూడుసార్లు ఆయన్ని ఉదాహరణగా చెప్పారు. పాట పాడే ముందు పావుగంట దేవుని దగ్గర ఒంటరిగా గడపని వాళ్ళం, ఆయన్ని చూసి నేర్చుకోవాలని. మామ ముందు బెంచీలో కూర్చుని నవ్వుతూ తల వంచుకునేవాడు. అది వినయం అనుకున్నాం. మా సంఘంలో ముప్ఫై ఏళ్ళుగా ఒక్కరికి కూడా ఇంకో ఆలోచన రాలేదు. తలుపు మూసుకున్న మనిషి మోకాళ్ళ మీద ఉంటాడనుకోవడం మాకంత సహజం.

పంట పండుగ ఆదివారం వచ్చింది. మా కాలనీలో పొలాలున్నవాళ్ళు తక్కువ. అయినా ఎవరూ ఖాళీ చేతులతో రారు. అంగడిలో కొన్న గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు, క్వార్టరు వెనక పెంచిన కరివేపాకు కొమ్మ, కాళ్ళు కట్టిన కోళ్ళు, అన్నీ బలిపీఠం మెట్ల మీద చేరాయి. మామ, అత్త ముందురోజు సాయంత్రమే ఇచ్చోడ నుంచి దిగారు. గిటారు కోసం వస్తే, పొద్దున చర్చికి నేనే తెస్తానని పంపించేశాను.

పొద్దున కావాలనే ఆలస్యంగా తెచ్చాను. అందరూ కూర్చున్నాక, అయ్యగారు మొదటి పాట చెప్పబోయే ముందు గిటారును మధ్య దారిలోంచి ఎత్తి పట్టుకుని నడిచాను. కిటికీల వెలుగులో పెగ్గులు మెరిశాయి. ముందుగానే చెప్పి ఉంచాను కాబట్టి అయ్యగారు గిటారు మీద చెయ్యి పెట్టి ప్రతిష్ఠ ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. మామ చేతుల్లో పెట్టాను.

ఆయన మొహం నాకు ఇప్పటికీ కనబడుతుంది. కళ్ళు గిటారు తల మీదే ఉన్నాయి. బొటనవేలు ఒక్కో ఇనుప బిళ్ళనూ తడుముకుంటూ పోయింది, ఒకటి, రెండు, ఆరు దాకా. మాటలాడకుండా అంతసేపు ఉన్న మామను నేనెప్పుడూ చూడలేదు. సంతోషం ఎక్కువై మాట రాలేదనుకున్నాను.

"అయ్యగారు, ఐదు నిమిషాలు లోపటికి పోయొస్త," అన్నాడు.

అయ్యగారు నవ్వి, ఇప్పుడే కదా అందరం ప్రార్థన చేశాం, ఈ రోజుకు దేవుడు ఏమీ అనుకోడని అన్నారు. చర్చి అంతా నవ్వింది. మామ నా వైపు చూశాడు. నేను ఆయన భుజం తట్టాను.

"అంత సెట్ జేసిన మామా. నువ్వు ముట్టే పని లేదు. వాయించు."

ఆయన నా పెదాల వైపు చూశాడు. తర్వాత కూర్చున్నాడు.

పల్లవి బాగానే వచ్చింది. మొదటి చరణం సగంలో శృతి కదలడం మొదలైంది. కొత్త తీగలు సాగుతాయి. వాటిని ముందు లాగి లాగి సాగదీసి మళ్ళీ బిగించాలి. అది నేను చేయలేదు. కడ్డీకి తీగను సరిపడా చుట్లు కూడా చుట్టలేదేమో. మొదటి చరణం అయిపోయేసరికి రెండు తీగల శృతి పూర్తిగా దిగిపోయింది. పెద్ద పెట్టెల్లోంచి ఆ శబ్దం గోడలకు తగిలి వెనక్కి వచ్చింది. ఆడవాళ్ళ వైపు ఎవరో చెవులు మూసుకున్నారు. పాడేవాళ్ళు తడబడ్డారు. మామ మాత్రం కళ్ళు మూసుకుని, తల ఊపుతూ, మరింత ఉత్సాహంగా వాయిస్తున్నాడు.

నేను కిటికీ పక్కన, మైకుల శబ్దం పెంచే తగ్గించే మిక్సర్ ముందు కూర్చున్నాను. అందరి కళ్ళూ నా మీదికి వచ్చాయి, లేదా వచ్చాయని నాకనిపించింది. నా పెగ్గులు. నా పేరు. రెండో చరణం మొదలవగానే గిటారు మీటను అడుగుదాకా లాగేశాను.

శబ్దం ఆగిపోయింది. డోలక్ మీద, గొంతుల మీద పాట సాఫీగా సాగింది. నాకు ఊపిరి వచ్చింది. మామ తలెత్తి చూస్తాడు, వైరు ఊడిందేమో అని చెయ్యి ఊపుతాడు, పాట అయ్యాక ఏదో ఒకటి చెప్పుకుందాం అనుకున్నాను.

ఆయన తలెత్తలేదు.

చేతులు అలాగే ఆడుతున్నాయి. రెండో చరణం అంతా వాయించాడు. మూడోది కూడా. ముందు వరసల్లో వాళ్ళకు అర్థమైంది. తీగలు కదులుతున్నాయి, శబ్దం లేదు. ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. నాక్కూడా నవ్వు వచ్చింది. దాచుకోను, నవ్వాను. ఆ నవ్వు మొహం మీద ఉండగానే అర్థమైంది. నా చెయ్యి ఇంకా మీట మీదే ఉంది. నాలుగో చరణంలో మామ కళ్ళు తెరిచి, నవ్వుతున్న మొహాల వైపు చూసి తనూ నవ్వి, చివర ఆయన ఎప్పుడూ వేసే చిన్న అలంకారం వేళ్ళు పరుగెత్తించి వాయించాడు. ఏమీ వినపడలేదు. నాకు వినపడలేదు, ఆయనకూ వినపడలేదు. తేడా ఏమిటంటే, ఆయనకు ఆ సంగతి తెలియదు.

మీటను పైకి జరిపి ఉండొచ్చు. జరపలేదు.

మర్నాడు పొద్దున డ్యూటీకి పోకుండా వాళ్ళింటికి పోయాను. మామ బజారుకు పోయాడు. అత్త వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి చేస్తున్న పని ఆపలేదు. ఆడవాళ్ళ వైపు కూర్చున్న మనిషి, ఆమె అంతా చూసింది.

"అత్తా, మామకు వినబడదా?" అని అడిగాను.

పిండిన చీర దులిపి తీగ మీద వేసి, అంచులు సరిచేసి, అప్పుడు చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు మందు ముందుగానే పేలిందట. మనిషికి ఏం కాలేదు గానీ రెండు చెవుల్లోంచీ రక్తం కారింది. కొన్నాళ్ళకు మనుషుల మాటలు పోయాయి. చెబితే లోపలి పని నుంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. పెదాలు చూసి అర్థం చేసుకోవడం నేర్చుకున్నాడు. ఎదుటివాళ్ళు మాట్లాడకుండా తనే మాట్లాడటం నేర్చుకున్నాడు. రిటైరయ్యాక చర్చి కోసం దాచాడు.

"చెవిటోడు వాయిస్తె ఎవరింటరు బిడ్డా? కుర్చీల నుంచి లేపుతరు."

మరి శృతి ఎలా చేసేవాడని అడిగాను.

"పండ్లతోని."

నాకు అర్థం కాలేదు. అత్త నన్ను చూసి చేతిలోని బట్టల పిన్ను అంచును పళ్ళ మధ్య పెట్టుకుని చూపించింది.

"గా బిళ్ళను గిట్ల వట్టుకొని తీగ మీటుతడు. దౌడ నుంచి లోపటికి సప్పుడు వోతదట. ముందుగాల గదువను హార్మోనియం మీద ఆనిచ్చి మెట్టు ఒత్తి చూసుకుంటడు, ఎనుక బిళ్ళ కొరికి దానికి కలుపుతడు. ఒక్కో బిళ్ళ ఒక్కోతీరు పలుకుతదట. ఇన్నేండ్ల సంది అవ్విటికి అలవాటు పడ్డడు. రాత్రి నుంచి గా ఇనుపయి కొరుకుతనే ఉన్నడు. జారుతున్నయట. పండ్లకు కొడుతున్నయట గని ఏం చెప్తలెవ్వట."

ఎలుకలు.

"పాతయి ఉన్నయి గద?" అని అడిగింది అత్త. "తెచ్చి మల్ల ఎయ్యి. ఆయన నిన్నేమనడు."

"ఉన్నయత్తా. ఇంట్ల వెట్టిన," అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆమె మొహంలో కనబడిన ఆశకు అడ్డం పోలేకపోయానని సర్దిచెప్పుకోవచ్చు. నిజానికి భయమేసింది, అంతే. అక్కడి నుంచి తిన్నగా వర్క్‌షాపుకు పరుగెత్తాను. తుక్కు లారీ శనివారమే వచ్చిపోయింది. డ్రమ్ములో అడుగున ఇనుప రజను తప్ప ఏం లేదు. బెంచి కింద, చీపురు పెట్టిన మూల, పాత గుడ్డల కుప్పలో వెతికాను. ఉన్నా ఒకటి రంపంతో కోసినదే. గిటారు తలలో రంధ్రాలు పెంచినవే. తిరిగి బిగించడానికి నేనేమీ మిగల్చలేదని డ్రమ్ము పట్టుకుని నిలబడ్డప్పుడు తెలిసింది.

ఈ చెవుల సంగతి ఇప్పుడు దాచవలసింది కాదు. కిందటేడు స్త్రీల సమాజంలో అత్తే నిలబడి చెప్పింది, మామ వద్దనలేదు. అందుకే రాస్తున్నాను. అప్పుడు మాత్రం కాలనీ మొత్తంలో తెలిసినవాళ్ళం ముగ్గురమే.

తెలియనివాళ్ళు వాళ్ళకు తోచింది అనుకున్నారు. ముసలాయనకు చేతులు పడిపోయాయి, వాయించలేక వాయించినట్టు నటించాడని ఒకరన్నారు. ఇన్నాళ్ళూ అలాగే చేశాడేమో, ఎవరు గమనించారని ఇంకొకరు. క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని ఒకతను చేతులు గాల్లో ఊపి చూపిస్తే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పడిపడి నవ్వారు. కొత్త పెగ్గులు మాత్రం మంచిగున్నాయని, పాపం ఎవరికి వేశానో చూసుకోవాల్సిందని నన్ను మెచ్చుకున్నారు. నేను టీ తాగాను. సంఘ పెద్దలు మామ ఇంటికి పోయి, వయసైంది కాబట్టి విశ్రాంతి తీసుకోమని మర్యాదగానే చెప్పారట. తర్వాతి ఆదివారం మామ వాయించే కుర్చీలో ఎవరూ లేరు. ఆ పై వారం అక్కడ కీబోర్డు వచ్చింది, కాలనీ బడి టీచరమ్మ వాయించింది. మామ వెనక బెంచీలో, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆరాధన అయ్యాక నేను మిక్సర్ వైర్లు చుడుతున్నట్టు ఉండిపోయాను, ఆయన వెళ్ళేదాకా.

మూడు ఆదివారాలు అలా గడిచాయి. మా చర్చిలో సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలో, తాము చేసిన తప్పో చెప్పుకోవచ్చు. నాలుగో వారం లేచి మీట దించింది నేనేనని చెబుదామనుకున్నాను. కానీ చెప్పిన వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు, శబ్దం ఆగితే ఆయనెందుకు ఆగలేదని. దానికి జవాబు నాది కాదు, ఆయనది. నా పాపం ఒప్పుకోవాలంటే ఆయన ముప్ఫై ఏళ్ళు దాచుకున్నది విప్పాలి. ఆయన్ని అడగకుండా అది చేయకూడదని మాత్రం ఈసారి నాకు తెలిసింది. శనివారం సాయంత్రం నాలుగింటికి, ఎండ ఇంకా ఉండగానే, వాళ్ళింటికి పోయాను.

మామ ముందు గదిలో నవారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. గిటారు ఒళ్ళో ఉంది. నన్ను చూసి ఎప్పటిలా 'రా అల్లుడా' అన్నాడు. పాతవి తెచ్చినవా అన్నట్టు నా చేతుల వైపు చూశాడు, ఖాళీగా ఉండటం చూసి చూపు గిటారు మీదికి తిప్పుకున్నాడు. అత్త టీ తేవడానికి లోపలికి పోయింది. నేను నోరు తెరిచేలోపు ఆయనే మొదలుపెట్టాడు.

"అత్త నీకు చెప్పిందట గద, నా చెవుల సంగతి. మంచిదే. ఒక్కటడుగుత చెప్పు. శృతి పోయింది అంటె నాకర్థమైతది. కొత్త తీగలు, సాగుతయ్. గందుకు కుర్చీ తీసిన్రంటె సరే. గని వాయించినట్టు నటించిండు అంటున్నరట బజార్ల. గదెందుకంటున్నరు? నేను వాయించిన. అత్తనడిగితె జనం మాటలకేమని దాటేస్తుంది. నువ్వు మిషిను కాడ ఉన్నవ్. నీకెర్కై ఉంటది."

ఆయనకు తెలియదు. నాలుగు వారాలుగా ఆ మాట ఎక్కడి నుంచి పుట్టిందో వెతుక్కుంటున్నాడు. శృతి తప్పినా తన పాట అందరికీ చేరిందనే అనుకుంటున్నాడు. నేను అనుమతి అడగడానికి వచ్చాను. ఇది చెప్పాల్సి వస్తుందని నాకు తట్టనే లేదు.

నేలమీది గచ్చు చూస్తూ చెప్పాను.

"ఏమన్నవ్?" అన్నాడు. "మొఖం లేపి చెప్పు. కిందికి చూస్తె నాకేం తెలుస్తది?"

తలెత్తాను. ఆయన కళ్ళు నా పెదాల మీద ఉన్నాయి. తప్పు ఒప్పుకునేవాడు తల వంచుకుంటాడు, గొంతు తగ్గిస్తాడు. ఆయన ముందు ఆ రెండూ కుదరవు. ఒక్కో మాటా విడదీసి, నోరు బాగా తెరిచి పలకాలి.

"నేనే, మామా. రెండో చరణం మొదలైనంక మీట కిందికి గుంజిన. నీ గిటారు సప్పుడు బయటికి రాలే."

పెదాలు కదిపి నా మాటల్ని తనలో తను మళ్ళీ అనుకున్నాడు, సరిగ్గా చదివానా లేదా అని చూసుకుంటున్నట్టు.

"ఎంతసేపు?"

"ఆఖరి దాక."

"అంటె మూడు చరణాలు."

"మూడు."

"ఆఖరుకు గా చిన్న ముక్క వాయించిన గద. అది గూడ?"

"అది గూడ మామా."

"అందరు నవ్విన్రు," అన్నాడు. "మంచిగొచ్చిందని నవ్విన్రనుకున్న."

ఆయన మొహంలో కోపం కోసం వెతికాను. ఉంటే పట్టుకుని నిలబడేవాణ్ణి. ఒక్కసారిగా పేలిన తర్వాత గనిలో మనుషుల మొహాలు ఎలా ఉంటాయో నేను చూశాను. ఏమైందో ఇంకా తెలియదు, చేతులూ కాళ్ళూ ఉన్నాయా అని తడుముకుంటుంటారు. ఆయన మొహం అలా ఉంది. గిటారును ఒళ్ళోంచి తీసి పక్కన మంచం మీద పడుకోబెట్టాడు. తర్వాత మెల్లగా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

నేను చెబుతూనే ఉన్నాను. పెగ్గులు ఇంట్లో ఉన్నాయన్నది అబద్ధమని, వాటిని తుక్కులో వేశానని, ఒకదాన్ని రంపంతో కోశానని, ఆ రోజు నేను కూడా నవ్వానని, ఆయన సరేనంటే రేపు అందరి ముందు లేచి చెబుతానని. కిటికీ వైపు తిరిగిన మనిషికి ఇందులో ఒక్క మాట కూడా చేరదని తెలిసి కూడా చెప్పాను. అత్త టీ గ్లాసులతో గడప దగ్గర ఆగిపోయింది. ఆమె అంతా విన్నది. గ్లాసులు కింద పెట్టి వచ్చి, మామ భుజం మీద చెయ్యి వేసి నా వైపు తిప్పబోయింది.

ఆయన ఆ చేతిని భుజం మీంచి తీసి, మంచం మీద పెట్టి, దాన్ని అలాగే పట్టుకుని కిటికీలోకి చూస్తూ ఉండిపోయాడు.